విమాన లోహానికి కర్బన అణువుల కాపలా

అల్యూమినియం గిన్నెలో ఆవకాయ గాని, చింతకాయ పచ్చడి గాని నిల్వ చేయకూడదన్న నియమం తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసినదే. ఊరగాయ జాడీలోకో గాజు సీసాలోకో వెళుతుంది. పొరపాటున కొన్నాళ్లు అల్యూమినియం పాత్రలో ఉండిపోతే దాని అడుగున సూదిమొనలంత తెల్లని మచ్చలు, వాటిని గీకితే చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. అదే పాత్రలో రోజూ నీళ్లు కాచినా, అన్నం వండినా ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. ఇనుములా తుప్పు పట్టదని పేరున్న లోహం ఉప్పూ పులుపూ తగిలిన చోట మాత్రం గుంటలు పడడానికి కారణమేమిటన్న ప్రశ్న వంటింట్లో అంత పెద్దది కాకపోవచ్చు, ఎందుకంటే పాత్ర పాడైతే మార్చుకోవచ్చు. అదే అల్యూమినియం ప్రధాన భాగంగా ఉన్న రేకులతో కట్టిన విమానం సముద్రపు గాలిలోనూ వర్షంలోనూ ఇరవై ముప్ఫై ఏళ్ల పాటు వందలాది మందిని మోస్తూ ఎగరవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ ప్రశ్న ప్రాణాలకు సంబంధించినదవుతుంది.

లోహం తన చుట్టూ ఉన్న నీటితో, ఆక్సిజన్‌తో, లవణాలతో చర్య జరిపి క్రమంగా తరిగిపోవడాన్ని లోహక్షయం అంటారు. విమానాల్లో దీన్ని అరికట్టడానికి ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం ఆధారపడిన రసాయనం క్రోమేట్. అది లోహాన్ని అద్భుతంగా కాపాడింది. దానితో పనిచేసిన మనుషుల ఆరోగ్యాన్ని మాత్రం కాపాడలేకపోయింది. దాని స్థానంలోకి రావడానికి నేడు పరీక్షలకు నిలబడుతున్న పదార్థాల్లో ముఖ్యమైనవి కార్బన్ చట్రం మీద నిర్మితమైన కర్బన అణువులు.

కంటికి కనిపించని సహజ కవచం

అల్యూమినియం స్వభావరీత్యా ఎంతో చురుకైన లోహం. దాన్ని కోసినప్పుడు బయటపడిన కొత్త ఉపరితలం గాలిలోని ఆక్సిజన్‌తో రెప్పపాటులో కలిసిపోయి అల్యూమినియం ఆక్సైడ్‌గా మారుతుంది. ఆ ఆక్సైడ్ పొర మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే, అంటే మనిషి తలవెంట్రుక మందంలో దాదాపు పదివేలో వంతు. అయినా అది లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని, ఆక్సిజన్‌నూ నీటినీ లోపలికి పోనివ్వకుండా ఆపుతుంది. ఇనుము మీద ఏర్పడే తుప్పు పెళుసుగా, గుల్లగా ఉండి రాలిపోతూ కింది లోహాన్ని మళ్లీ గాలికి ఒప్పజెబుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ అలా రాలదు, గీత పడితే తిరిగి ఏర్పడుతుంది. అల్యూమినియం మన్నికకు మూలం ఈ పొరే గాని లోహం తాలూకు నిర్లిప్తత కాదు.

ఈ కవచానికి రెండు బలహీనతలున్నాయి. మొదటిది, ఆమ్లత్వ క్షారత్వాలను కొలిచే పీహెచ్ మానంలో అది సుమారు 4కూ 8.5కూ మధ్యనే స్థిరంగా ఉంటుంది. పులుపు ఎక్కువైనా, క్షారం ఎక్కువైనా కరిగిపోతుంది. రెండవది, ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఆ పొరలో ఉన్న సూక్ష్మ లోపాల దగ్గర చేరి దాన్ని ఛేదించగలవు. ఊరగాయలో ఈ రెండు శత్రువులూ కలిసే ఉంటాయి గనుక పాత్రకు గుంటలు పడతాయి. సముద్ర తీరపు విమానాశ్రయంలో నిలిచే విమానం మీద పేరుకునే తేమలో కూడా క్లోరైడ్ ఉంటుంది. పులుపు మాత్రం బయటి నుంచి రానవసరం లేదు, ఒకసారి గుంట ఏర్పడిందంటే దాని లోపలే పుడుతుంది.

బలాన్నిచ్చిన రాగి, బలహీనతనూ తెచ్చింది

శుద్ధమైన అల్యూమినియం తేలికగా ఉంటుంది గాని మెత్తన. విమానపు రెక్క మోయవలసిన బరువును అది మోయలేదు. రైట్ సోదరులు 1903లో ఎగురవేసిన విమానపు ఇంజిన్‌లో సైతం సుమారు 8 శాతం రాగి కలిసిన అల్యూమినియం పోతను వాడారు. 1906లో జర్మన్ లోహశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్ రాగి, మెగ్నీషియం కొద్దిగా కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి, ఒక్కసారిగా చల్లార్చి, అలా వదిలేస్తే కొద్ది రోజుల్లో అది దానంతట అదే గట్టిపడుతోందని గమనించాడు. లోహం లోపల రాగి పరమాణువులు మెల్లగా గుంపులుగా చేరి, లోహపు పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా అడ్డుపడడమే ఇందుకు కారణమని తరువాతి కాలంలో తేలింది. ఆ లోహం డ్యూరాలుమిన్ పేరుతో జెప్పెలిన్ గగననౌకలకూ తొలినాటి లోహ విమానాలకూ ఎముకలగూడు అయింది. 1931లో అమెరికాలో వచ్చిన దాని వారసురాలిని నేడు 2024 మిశ్రలోహమని పిలుస్తారు. అందులో సుమారు 4 శాతం రాగి, ఒకటిన్నర శాతం మెగ్నీషియం ఉంటాయి. విమాన దేహాన్ని కప్పే తొడుగు రేకులకు ఇది దశాబ్దాలుగా ప్రామాణికమైనది. జింక్ ప్రధానంగా కలిసిన 7075 మిశ్రలోహం ఇంకా గట్టిది.

అయితే కలిపిన రాగి అంతా లోహంలో సమంగా ఒదిగిపోదు. పోత పోసేటప్పుడు కొంత భాగం అల్యూమినియంతో, మెగ్నీషియంతో, ఇనుముతో జట్టుకట్టి, మిల్లీమీటరులో వెయ్యో వంతైన మైక్రాన్లలో కొలవదగిన రేణువులుగా అక్కడక్కడా మిగిలిపోతుంది. 2024 రేకును అద్దంలా నునుపుచేసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ రేణువులు బూడిదరంగు మైదానంలో తెల్లని చుక్కల్లా కనిపిస్తాయి. వీటిలో అల్యూమినియం, రాగి, మెగ్నీషియం కలిసి ఏర్పడిన రేణువును లోహశాస్త్రజ్ఞులు ఎస్-దశ అంటారు. ఇవి ఉపరితలంలో మూడు శాతం చోటును మాత్రమే ఆక్రమించినా, లోహక్షయం కథంతా వీటి చుట్టూనే నడుస్తుంది.

> లోహంలోనే దాగిన విద్యుత్ ఘటం
>
> లోహక్షయం ఒక రసాయన చర్య అయినంత మేరకు విద్యుత్ చర్య కూడా. రెండు వేర్వేరు లోహాలు ఒకదానినొకటి తాకుతూ, రెండింటి మీదా ఉప్పునీటి తడి ఉంటే అక్కడ బ్యాటరీలో జరిగేదే జరుగుతుంది. చురుకైన లోహం పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా మారి నీటిలో కరిగిపోతాయి. ఆ చోటు ఆనోడు. వదిలిన ఎలక్ట్రాన్లు లోహం గుండా ప్రయాణించి రెండవ లోహాన్ని చేరి, అక్కడ నీటిలో కరిగివున్న ఆక్సిజన్‌కు అందుతాయి. ఆ చోటు కాథోడు. ఆనోడు దగ్గర ఎన్ని ఎలక్ట్రాన్లు విడుదలైతే కాథోడు దగ్గర అన్నింటినీ ఎవరో ఒకరు స్వీకరించాలి. స్వీకరించే చోటును మూసివేస్తే విడుదలా ఆగిపోతుంది, అంటే లోహం కరగడం ఆగుతుంది. కర్బన నిరోధకాల పని చాలా వరకు ఈ ఒక్క సూత్రం మీద ఆధారపడి ఉంది.

ఒక రేణువు చుట్టూ జరిగే విధ్వంసం

ఉప్పునీటి చుక్క ఎస్-దశ రేణువు మీద నిలిచిందనుకుంటే, మొదట కరిగేది ఆ రేణువులోని మెగ్నీషియం, తరువాత అల్యూమినియం. అవి రెండూ కరిగి వెళ్లిపోగా రాగి మాత్రం మిగిలి, రేణువు ఉన్న చోట సూక్ష్మ రంధ్రాలతో నిండిన రాగి గుల్ల తయారవుతుంది. రంధ్రాల వల్ల దాని ఉపరితల వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది; పైగా ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లను అందించడంలో రాగి ఎంతో సమర్థమైనది. అంతవరకు తానే కరుగుతున్న రేణువు ఇప్పుడు పాత్ర మార్చుకుని కాథోడుగా నిలబడి, చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని కరిగించడం మొదలుపెడుతుంది.

ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను స్వీకరించే క్రమంలో అక్కడి నీరు క్షారంగా మారుతుంది. ఆ క్షారం రేణువు అంచు వెంట ఉన్న ఆక్సైడ్ పొరను కరిగించి, రేణువు చుట్టూ కందకం తవ్వుతుంది. కొన్నాళ్లకు రాగి గుల్లలోంచి చిన్న తునకలు విడిపోయి నీటిలో కరిగి, మళ్లీ లోహం మీద ఇతర చోట్ల పేరుకుంటాయి. ఒక్కొక్క తునకా ఒక కొత్త కాథోడు. ఈలోగా కందకంలోంచి ఒక దారి లోతుకు దిగితే, అక్కడ కరిగిన అల్యూమినియం అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తాయి, వాటి ధనావేశం బయటి క్లోరైడ్ అయాన్లను లోపలికి లాక్కుంటుంది. ఉప్పూ పులుపూ కలిసిన ద్రవం గుంట అడుగున సిద్ధమవుతుంది గనుక గుంట ఆగకుండా లోతవుతూనే ఉంటుంది. పైనుంచి చూసేవారికి ఒక తెల్లని చుక్క మాత్రం కనిపిస్తుంది.

ఇదంతా తొలినుంచీ ఇంజినీర్లను వేధించిన సమస్యే. 1923లో ఇంగ్లండ్‌లో బెంగో, స్టువర్ట్ అనే శాస్త్రవేత్తలు క్రోమిక్ ఆమ్లంలో విద్యుత్తును పంపి ఆక్సైడ్ పొరను మందంగా పెంచే పద్ధతిని రూపొందించారు. 1927లో అమెరికాలో ఆల్‌క్లాడ్ అనే రేకు వచ్చింది. బలమైన మిశ్రలోహానికి రెండు వైపులా శుద్ధ అల్యూమినియం పొరను అతికించడం దాని విశేషం. అయితే రివెట్ల కోసం రంధ్రాలు పొడిచిన చోట, అంచులు కోసిన చోట, మందపాటి దిమ్మె నుంచి చెక్కిన భాగాల్లో లోపలి మిశ్రలోహం మళ్లీ బయటపడుతుంది. విమాన దేహంలో రివెట్ రంధ్రాలు లక్షల్లో ఉంటాయి.

ఆకాశంలో ఎగిరే లోహానికి తడి ఎక్కడిది?

పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున బయటి ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 50 డిగ్రీలకు పడిపోతుంది. లోపల ప్రయాణికుల ఊపిరితో, వంటగది ఆవిరితో తేమ చేరిన గాలి, చల్లబడిన తొడుగు రేకు లోపలి వైపు తగిలి మంచుగా గడ్డకడుతుంది. విమానం దిగగానే ఆ మంచు కరిగి, చట్రపు కమ్మీల వెంట జారి, దేహపు అడుగు భాగంలో చేరుతుంది. మరుగుదొడ్ల కింద, వంటగదుల కింద ఇతర ద్రవాలు కూడా దానికి తోడవుతాయి. ఒక రేకు మీద ఇంకొక రేకును ఆనించి రివెట్లు కొట్టిన అతుకుల మధ్య చేరిన తడి సులభంగా ఆరదు. అక్కడ పుట్టిన క్షయ పదార్థం తాను తిన్న లోహం కన్నా ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది గనుక రేకులను లోపలి నుంచి ఒత్తి ఉబ్బిస్తుంది, రివెట్ల మీద భారం పెరుగుతుంది.

దీనికి లోహపు అలసట తోడైతే ఎంతటి ప్రమాదం పొంచి ఉందో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద లోకానికి తెలిసింది. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి విమాన దేహం కొద్దిగా ఉబ్బి, దిగిన ప్రతిసారీ యథాస్థితికి వస్తుంది. ఈ పునరావృతికి లోహంలో సన్నని పగుళ్లు పుట్టడాన్నే అలసట అంటారు. సముద్ర దీవుల మధ్య తక్కువ దూరాలకు తిరుగుతూ అప్పటికి 89,680 సార్లు ఎగిరిన అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానం, 24,000 అడుగుల ఎత్తున దాదాపు 18 అడుగుల పొడవున పైకప్పును కోల్పోయింది. విమాన సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోగా, పైలట్లు మిగతావారితో విమానాన్ని నేలకు దించగలిగారు. రేకులను అతికించిన జిగురు ఊడిపోవడం, ఆ సందుల్లో తేమ చేరి లోహం క్షయించడం, భారమంతా రివెట్ల మీద పడి రంధ్రాల అంచుల్లో పుట్టిన పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోవడం, వాటిని తనిఖీల్లో కనిపెట్టలేకపోవడం దర్యాప్తులో బయటపడ్డాయి. వయసు మీరిన విమానాల భద్రత కోసం 1991లో అమెరికా ప్రత్యేక చట్టం చేయడానికి ఈ దుర్ఘటనే ప్రేరణ.

క్రోమేట్ ఎందుకు అంత గొప్పది, ఎందుకు అంత ప్రమాదకరం

విమాన లోహానికి వేసే రక్షణ సాధారణంగా మూడు అంచెలుగా ఉంటుంది. లోహాన్ని శుభ్రం చేసి రసాయనికంగా సిద్ధం చేసిన పలుచని పొర మొదటిది. దాని మీద సుమారు ఇరవై మైక్రాన్ల మందాన ఎపాక్సీ ప్రైమర్ రెండవది. ఆపైన ఎండనూ వాననూ భరించే రంగు మూడవది. కేవలం అడ్డుగోడలా నిలవడమే పూత పని అయితే ఏ మంచి రంగైనా సరిపోయేది. రాయి తగిలినా, పనిముట్టు జారినా, రివెట్ చుట్టూ రంగు చిట్లినా గోడకు కన్నం పడుతుంది. అప్పుడు ఆ కన్నాన్ని వెతుక్కుంటూ వెళ్లి మాన్పే మందు పూతలోనే నిల్వ ఉండాలి. క్రోమేట్ ఆ మందు.

ప్రైమర్‌లో కలిపిన స్ట్రాన్షియం క్రోమేట్ నీటిలో బహు కొద్దిగా కరుగుతుంది. గీత పడిన చోట తడి చేరగానే కొంత క్రోమేట్ కరిగి అక్కడికి ప్రవహిస్తుంది. దానిలోని క్రోమియం ఆరు ఎలక్ట్రాన్లు తక్కువైన స్థితిలో, అంటే షడ్‌వేలెంట్ రూపంలో ఉంటుంది. కాథోడుగా మారిన రాగి రేణువు మీద ఆక్సిజన్‌కు చెందవలసిన ఎలక్ట్రాన్లను అది తీసుకుని, నీటిలో కరగని త్రివేలెంట్ క్రోమియంగా మారి, అక్కడే పలుచని పొరగా గడ్డకడుతుంది. కాథోడు మూసుకుపోతుంది, లోహం కరగడం ఆగుతుంది. మిగిలిన క్రోమేట్ తరువాతి గీత కోసం ప్రైమర్‌లో వేచి ఉంటుంది. ఆమ్లంలోనైనా, క్షారంలోనైనా, 2024 మీదనైనా, 7075 మీదనైనా దాని పని ఆగదు.

సరిగ్గా ఎలక్ట్రాన్లను లాక్కునే ఈ గుణమే మనిషి శరీరంలో విషమవుతుంది. క్రోమేట్ అయాన్ ఆకారం శరీరానికి అవసరమైన సల్ఫేట్ అయాన్‌ను పోలివుంటుంది గనుక కణాలు దాన్ని తమ ద్వారాల గుండా లోపలికి అనుమతిస్తాయి. కణంలోకి వెళ్లాక అది అక్కడ కూడా ఎలక్ట్రాన్లను లాక్కుంటూ త్రివేలెంట్ క్రోమియంగా మారుతుంది, ఆ క్రమంలో డీఎన్ఏను దెబ్బతీస్తుంది. షడ్‌వేలెంట్ క్రోమియం మనుషుల్లో క్యాన్సర్‌ను, ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. కాలిఫోర్నియాలోని హింక్లీ అనే చిన్న ఊరి భూగర్భ జలాల్లో 1950ల, 60ల నాటి క్రోమియం చేరింది కూడా లోహక్షయాన్ని ఆపడానికి శీతలీకరణ నీటిలో కలిపిన రసాయనం ద్వారానే. ఆ ఊరివారి వ్యాజ్యం 1996లో 33.3 కోట్ల డాలర్ల పరిహారంతో ముగిసింది.

విమానాల విషయంలో అసలు ముప్పు ప్రయాణికుడికి కాదు, ప్రైమర్‌ను పిచికారీ చేసే పెయింటరుకూ, ఏళ్ల తరువాత పాత రంగును గీకి ధూళి రేపే మరమ్మతు కార్మికుడికీను. అమెరికాలో 2006లో పని ప్రదేశపు గాలిలో షడ్‌వేలెంట్ క్రోమియం పరిమితిని ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములకు తగ్గించారు. పెద్ద విమాన భాగాలకు రంగు వేసే చోట మాత్రం గాలి యంత్రాలతో 25 మైక్రోగ్రాముల దాకా తగ్గించి, మిగతా రక్షణను ముఖానికి తొడిగే శ్వాసకవచాలకు వదిలిపెట్టడానికి అనుమతించవలసి వచ్చింది. అంత పెద్ద వస్తువు మీద పిచికారీ చేసేటప్పుడు గాలిని శుభ్రంగా ఉంచడం అంత కష్టమని చట్టమే ఒప్పుకున్నట్టయింది. ఐరోపా సమాఖ్యలో 2019 జనవరి నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా స్ట్రాన్షియం క్రోమేట్‌ను వాడడానికి వీల్లేదు.

కర్బన అణువు లోహాన్ని ఎలా పట్టుకుంటుంది

క్రోమేట్‌కు బదులుగా ప్రయత్నిస్తున్న కర్బన అణువుల్లో చాలా వాటికి ఒక ఉమ్మడి నిర్మాణం ఉంటుంది. కార్బన్ పరమాణువులతో అల్లిన ఉంగరం వంటి చట్రం, దానికి ఒక పక్క నైట్రోజన్, సల్ఫర్, ఆక్సిజన్ వంటి పరమాణువులు ఉంటాయి. ఈ పరమాణువుల దగ్గర బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలు ఉంటాయి. ఎలక్ట్రాన్లకు చోటున్న లోహ పరమాణువు ఎదురైతే వాటిని దానితో పంచుకుని అణువు గట్టిగా అతుక్కుంటుంది. మిగిలిన కార్బన్ చట్రం నీటిని ఇష్టపడదు గనుక బయటి వైపుకు తిరిగి నిలుస్తుంది. తాటాకు ఇంటి కప్పులో ఆకుల కాడలన్నీ వాసాలకు కట్టి ఉండగా, ఆకులు ఒకదాని అంచు మీద ఒకటి పరుచుకుని వాననీటిని జార్చివేసినట్లు, పక్కపక్కన చేరిన ఈ అణువులు లోహాన్ని పట్టుకుని నీటినీ ఆక్సిజన్‌నూ బయటే నిలిపివేస్తాయి. ఈ కప్పు మందం కొద్ది నానోమీటర్లే.

ఏ అణువు ఏ లోహాన్ని పట్టుకుంటుందన్నది దాని కొనలోని పరమాణువును బట్టి ఉంటుంది. సల్ఫర్‌కూ కొన్ని నైట్రోజన్ నిర్మాణాలకూ రాగి అంటే మక్కువ. ఆక్సిజన్ కొనలున్న అణువులకు అల్యూమినియం అయాన్లతో పొత్తు ఎక్కువ. విధ్వంసం మొదలయ్యేది రాగి ఉన్న రేణువు దగ్గరే గనుక రాగిని వెతుక్కుని వెళ్లే అణువుకు ఇక్కడ పెద్ద విలువ. ఉపరితలమంతా కప్పనక్కరలేకుండా, మూడు శాతం చోటును మూసివేస్తే మిగతా తొంభై ఏడు శాతానికీ రక్షణ దొరుకుతుంది.

బెంజోట్రయజోల్ ఈ కోవలో బాగా పరిచయమున్న అణువు. మూడు నైట్రోజన్ పరమాణువులు వరసగా ఉన్న ఈ పదార్థాన్ని 1960ల నుంచి మ్యూజియాలలో పురాతన కంచు వస్తువులను చిలుము నుంచి కాపాడడానికి వాడుతున్నారు. అది రాగి పరమాణువులతో ఒకదాని వెంట ఒకటిగా ముడిపడి గొలుసులాంటి పొరను ఏర్పరుస్తుంది. ఎస్-దశ రేణువులోని రాగి మీద కూడా అదే చేస్తుంది. రబ్బరు పరిశ్రమలో టైర్ల తయారీకి వాడే మెర్కాప్టోబెంజోథయజోల్ సల్ఫర్, నైట్రోజన్ రెండింటితోనూ రాగిని పట్టుకుంటుంది. ఎనిమిదో స్థానంలో ఆక్సిజన్ కొన ఉన్న హైడ్రాక్సీక్వినోలిన్ మరో తీరుగా పనిచేస్తుంది: గుంటలోంచి బయటికి వస్తున్న అల్యూమినియం అయాన్‌ను మూడు అణువులు మూడు వైపుల నుంచి బంధించి, నీటిలో కరగని పదార్థంగా మార్చి, గుంట నోటినే మూసివేస్తాయి.

కర్బన అణువులు లోహపు తొలి పొరను సిద్ధం చేయడంలోనూ పాలుపంచుకుంటున్నాయి. ఎయిర్‌బస్ విమానాల తయారీలో క్రోమిక్ ఆమ్లానికి బదులుగా సల్ఫ్యూరిక్ ఆమ్లం, టార్టారిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఆక్సైడ్ పొరను పెంచుతున్నారు. ఈ టార్టారిక్ ఆమ్లం చింతపండుకు ఆ పులుపునిచ్చే ఆమ్లమే. బోయింగ్ రూపొందించిన మరో పద్ధతిలో సిలికాన్, కార్బన్ రెండూ ఉన్న అణువులను జిర్కోనియం సమ్మేళనంతో కలిపి పూస్తారు. ఆ అణువు ఒక కొనతో లోహపు ఆక్సైడ్‌ను, మరో కొనతో ఎపాక్సీ ప్రైమర్‌ను పట్టుకుని పూత ఊడకుండా రెండింటినీ ముడివేస్తుంది.

వందలోంచి ఒకదాన్ని ఎంచడం

కర్బన రసాయనశాస్త్రం ఇవ్వగల అణువుల సంఖ్యకు అంతు లేదు. వాటిలో ఏది పనిచేస్తుందో ఆకారం చూసి చెప్పడం మాత్రం కష్టం. ఉంగరం మీద సల్ఫర్ ఉన్న స్థానాన్ని ఒక్క అడుగు పక్కకు జరిపితే మంచి నిరోధకం నిరుపయోగమైపోవచ్చు. ఒక అణువు 2024ను బాగా కాపాడి 7075 దగ్గర తేలిపోవచ్చు. పీహెచ్ మారితే అణువు తన హైడ్రోజన్‌ను వదిలి ఆవేశాన్ని మార్చుకుంటుంది గనుక గుంట అడుగున ఉన్న ఆమ్లంలో ఒక తీరుగా, రేణువు చుట్టూ ఉన్న క్షారంలో మరో తీరుగా ప్రవర్తిస్తుంది.

ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు ఈ చిక్కును విడదీయడానికి ఒక్కొక్క అణువునూ వారాల తరబడి పరీక్షించే పాత పద్ధతిని పక్కనపెట్టి, ఒకే రేకు మీద చిన్న చిన్న గదులు అమర్చి అనేక ద్రావణాలను ఒకేసారి పరీక్షించారు. సుమారు వంద చిన్న కర్బన అణువుల పనితీరును 2024, 7075 మిశ్రలోహాల మీద ఆమ్లంలోనూ క్షారంలోనూ కొలిచి, ఆ ఫలితాలతో కంప్యూటరుకు శిక్షణ ఇచ్చారు. ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలను లెక్కించి మంచి నిరోధకాన్ని ముందే గుర్తించవచ్చని అంతకుముందు చాలామంది నమ్మేవారు. ఇంత విస్తృతమైన సమాచారం ముందు ఆ లెక్కలకూ ప్రయోగ ఫలితాలకూ పొంతన కుదరలేదు. అణువు నిర్మాణంలోని అనేక లక్షణాలను కలిపి చూసే యంత్రాభ్యాస నమూనాలు మాత్రం అంతకు ముందు చూడని అణువుల పనితీరును కూడా చక్కగా అంచనా వేశాయి.

ఒకే పదార్థంలో రెండు పనులను కలపడం మరో మార్గం. అరుదైన భూలోహంగా పిలిచే సీరియం కాథోడు దగ్గరి క్షారంలో గడ్డకట్టి దాన్ని మూసివేస్తుందని మెల్‌బోర్న్‌లోని వైమానిక పరిశోధనశాలలో 1980ల్లోనే గుర్తించారు. అలాంటి లోహ అయాన్‌ను, దాల్చినచెక్కతో పేరు పంచుకునే సిన్నమిక్ ఆమ్లపు కుటుంబంలోని కర్బన అణువుతో కలిపి ఒకే లవణంగా తయారుచేస్తే, నీటిలో కరిగినప్పుడు లోహ భాగం కాథోడును, కర్బన భాగం ఆనోడును చూసుకుంటాయి. క్రోమేట్ ఒక్కటే చేసిన పనిని ఇలా ఇద్దరికి పంచడం ఆచరణకు దగ్గరైన ఆలోచన.

> మంచి నిరోధకానికి ఉండవలసిన లక్షణాలు
>
> కరిగే గుణం మితంగా ఉండాలి. మరీ ఎక్కువగా కరిగితే పూత నీటిని పీల్చి బొబ్బలు ఎక్కుతుంది, నిల్వ కొద్ది నెలల్లో ఖాళీ అవుతుంది. మరీ తక్కువగా కరిగితే గీత పడిన చోటికి సమయానికి చేరదు.
>
> ప్రైమర్‌తో తగాదా ఉండకూడదు. సల్ఫర్ కొనలున్న అణువులు ఎపాక్సీ రెసిన్‌తోనే చర్య జరిపి, లోహాన్ని చేరకముందే పూతలో బందీలవుతాయి.
>
> ఆమ్లంలోనూ క్షారంలోనూ, ఒకటికి మించిన మిశ్రలోహాల మీద పనిచేయాలి.
>
> మనిషికి హాని చేయకూడదు. కర్బన పదార్థమైనంత మాత్రాన నిరపాయమని కాదు. మెర్కాప్టోబెంజోథయజోల్ చర్మానికి ఎలర్జీ కలిగించగలదు, క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలోనూ చేరింది. ప్రతి కొత్త అణువునూ అదే కఠినత్వంతో పరీక్షించాలి.

అవసరమైనప్పుడే తెరుచుకునే గూళ్లు

అణువు దొరికిన తరువాత దాన్ని పూతలో ఎలా దాచి ఉంచాలన్నది మిగిలే ప్రశ్న. రెసిన్‌తో కలవకుండా, వాననీటికి కొట్టుకుపోకుండా, దెబ్బ తగిలిన క్షణాన బయటికి వచ్చేలా అది ఉండాలి. ఇందుకు సూక్ష్మమైన పాత్రలను వాడుతున్నారు. హాలోయ్‌సైట్ అనే బంకమన్ను సహజంగానే గొట్టాల రూపంలో ఉంటుంది. ఒక్కొక్క గొట్టం మైక్రాన్ అటూ ఇటూ పొడవు, లోపలి బోలు సుమారు 15 నానోమీటర్ల వెడల్పు. ఆ బోలులో నిరోధకాన్ని నింపి, కొనలు మూసి, పూతలో కలుపుతారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రంలో ఇలాంటి గొట్టాలను చేర్చిన సోల్-జెల్ పూతల మీద, అంటే ద్రవంగా పూసి గాజులాంటి పలుచని పొరగా గట్టిపరిచే పూతల మీద పరిశోధన సాగింది.

పోర్చుగల్‌లోని అవెయ్‌రో విశ్వవిద్యాలయంలో అభివృద్ధి చేసిన మరో పాత్ర పనితీరు ఇంకా అందమైనది. రెండు లోహాల హైడ్రాక్సైడ్ పలకలు దొంతరగా పేర్చి ఉంటాయి. ప్రతి పలకకూ ధనావేశం ఉంటుంది గనుక పలకల మధ్య ఋణావేశమున్న నిరోధక అణువులు కొలువుదీరుతాయి. పూతలోకి క్లోరైడ్ అయాన్ ప్రవేశిస్తే, అదీ ఋణావేశమున్నదే గనుక పలకల మధ్య చోటు సంపాదించుకుని నిరోధకాన్ని బయటికి పంపుతుంది. దాడికి వచ్చిన క్లోరైడ్ చిక్కుకుపోతుంది, కాపాడవలసిన అణువు విడుదలవుతుంది. శత్రువు రాకే తాళంచెవిగా పనిచేసే ఈ ఏర్పాటులో మందు వృథా కాదు.

ఇంకా తేలవలసిన పరీక్ష

కొత్త ప్రైమర్ పూసిన రేకు మీద లోహం కనిపించేలా గుణకారపు గుర్తు ఆకారంలో గీత గీసి, 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీటి తుంపరను ఎడతెగకుండా చల్లే పెట్టెలో నిలబెట్టడం ఈ రంగంలో ప్రామాణిక పరీక్ష. సైనిక విమానాల ప్రైమర్లు అందులో 2000 గంటలు, అంటే 83 రోజులకు పైగా నిలవాలి. క్రోమేట్ పూసిన రేకు మీద ఆ గీతలు చివరి రోజున కూడా మెరుస్తూ కనిపిస్తాయి. బలహీనమైన పూతల్లో కొద్ది రోజులకే గీతల్లో తెల్లని పొడి నిండి, అంచుల వెంట బొబ్బలు లేస్తాయి. విమానాల బయటి తొడుగుకు క్రోమేట్ లేని ప్రైమర్లు ఇప్పటికే వాడుకలోకి వచ్చాయి. కష్టమంతా లోపలి భాగాలది: ఒకసారి బిగించాక ఇరవై ఏళ్ల పాటు ఎవరూ తెరిచి చూడని అతుకుల్లో, రివెట్ల చుట్టూ నమ్మకంగా పనిచేయాలంటే ఉప్పునీటి పెట్టెలో గెలవడం చాలదు, వేడిలో, చలిలో, ఒత్తిడిలో దశాబ్దాల అనుభవం కావాలి. భద్రత విషయంలో విమాన పరిశ్రమ నెమ్మదిగా కదలడం సమంజసమే.

కార్బన్ నార దట్టించిన ప్లాస్టిక్‌తో విమానాలు కడుతున్నారు గనుక ఈ సమస్య దానంతట అదే పోతుందనుకోవడం తొందరపాటు. బోయింగ్ 787 బరువులో సగం అలాంటి పదార్థాలే అయినా ఐదో వంతు ఇంకా అల్యూమినియమే. పైగా కార్బన్ నార విద్యుత్ వాహకం, రాగిలాగే కాథోడు కాగలదు. అది అల్యూమినియాన్ని తాకే చోట తడి చేరితే క్షయం మరింత వేగంగా సాగుతుంది. ఇప్పటికే ఎగురుతున్న వేలాది లోహ విమానాలు మరో రెండు మూడు దశాబ్దాలు సేవ చేయవలసినవే.

హైదరాబాద్ శివారు ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్న ఈ కాలంలో విమాన నిర్మాణం తెలుగు నేల మీది ఉపాధి కూడా. ఈ పరిశ్రమలోకి కొత్తగా అడుగుపెడుతున్న యువతరానికి ఏ రసాయనాల మధ్య పనిచేయవలసి వస్తుందన్నది ఇక్కడి ప్రశ్నే. ఇన్నాళ్లూ పూత యోగ్యతను అది లోహాన్ని ఎన్ని గంటలు కాపాడిందన్న ఒక్క లెక్కతో కొలిచారు. దాన్ని పూసే చేతికీ, గీకే ఊపిరికీ ఏం జరుగుతుందన్నది కూడా యోగ్యతలో భాగం కావాలి. ఎలక్ట్రాన్ల కోసం ఆరాటపడే క్రోమియం లోహాన్నీ కణాన్నీ వేరుచేసి చూడలేదు. తనకు నచ్చిన లోహాన్ని ఎంచుకుని అతుక్కునే అణువును కోరిన విధంగా నిర్మించుకోగలగడం కర్బన రసాయనశాస్త్రం ఇచ్చిన అవకాశం. విమానంలో కూర్చున్నవారి క్షేమం కోసం దాన్ని తయారుచేసినవారి ఆరోగ్యాన్ని మూల్యంగా చెల్లించే పద్ధతికి స్వస్తి చెప్పడానికి ఈ పరిశోధన దారి చూపుతోంది. ఆ దారిన వేగంగా నడవడానికి పరిశ్రమలూ ప్రభుత్వాలూ పెట్టుబడి పెట్టడం కార్మికుల పట్ల తీర్చవలసిన బాకీ.